ప్రోబ్‌కి __ఇనిట్ పెట్టాను: బూట్‌లో బాగుంది, మళ్ళీ బైండ్ చేస్తే ఊప్స్

#1 సగంబూట్
రెండు రోజులుగా జుట్టు పీక్కుంటున్నాను. ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్‌కి లినక్స్‌లో ప్లాట్‌ఫామ్ డ్రైవర్ రాశాను. ఆర్మ్64 బోర్డు, కెర్నల్ 5.10, డ్రైవర్ విడిగా లోడ్ చేసే మాడ్యూల్ కాదు, కెర్నల్‌లోనే కలిపేశాను. బూట్‌లో సెన్సర్ దొరుకుతుంది, రీడింగులు సరిగ్గా వస్తాయి, రోజంతా నడుస్తుంది. సిస్‌ఎఫ్‌ఎస్ (డ్రైవర్లని ఫైళ్ళ ద్వారా నడిపించే చోటు) నుంచి అన్‌బైండ్ చేస్తే, అంటే డివైస్ నుంచి డ్రైవర్‌ని విడదీస్తే, అదీ శుభ్రంగా అవుతుంది. తిరిగి బైండ్ అన్నానో లేదో, ఊప్స్ (కెర్నల్ క్రాష్ రిపోర్ట్)! పేజీ ఫాల్ట్ అంటుంది. ఫాల్ట్ వచ్చిన చిరునామా చూస్తే నా ప్రోబ్ ఫంక్షన్ (డివైస్‌ని డ్రైవర్‌కి కలిపేటప్పుడు నడిచేది) మొదటి ఇన్‌స్ట్రక్షనే. లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

ప్రోబ్ ఫంక్షన్‌కి "స్టాటిక్ ఇంట్ __ఇనిట్" అని ఉంది. ఒక పాత డ్రైవర్ చూసి అలాగే దించేశాను. సెన్సర్‌ని మొదలుపెట్టే పని కాబట్టి ఇనిట్ అనుకున్నాను. కంపైల్ చేసినప్పుడు ఒక్క వార్నింగ్ కూడా రాలేదు, నా బాధంతా అదే. తప్పైతే ముందే చెప్పాలి కదా?

#2 లింకర్_లీల
కేఏఎస్‌ఎల్‌ఆర్ (బూట్‌కోసారి కెర్నల్ చిరునామాలు మార్చేది) ఆపి ఒకసారి బూట్ చెయ్యి. ఊప్స్‌లో వచ్చిన చిరునామా సిస్టమ్.మ్యాప్‌లో (కెర్నల్ చిరునామాల జాబితా) __ఇనిట్_బిగిన్‌కీ __ఇనిట్_ఎండ్‌కీ మధ్య పడుతోందా? పడితే ఇంకేమీ వెతకక్కర్లేదు.

#3 సగంబూట్
సరిగ్గా మధ్యలోనే పడింది. అంటే ఏమిటి?

#4 బూట్_బాబాయ్
అంటే ఏరు దాటాక తెప్ప తగలేశావన్నమాట.

__ఇనిట్ అంటే "ఇది మొదలుపెట్టే పని" అని కాదు నాయనా. "బూట్ అయ్యాక దీన్ని ఎవరూ కాల్ చేయరు" అని నువ్వు కెర్నల్‌కి రాసిచ్చే హామీ. ఆ గుర్తున్న ఫంక్షన్లన్నిటినీ లింకర్ .ఇనిట్.టెక్స్ట్ అనే సెక్షన్‌లోకి చేరుస్తుంది. __ఇనిట్‌డేటా అన్నవి .ఇనిట్.డేటాలోకి, __ఇనిట్‌కాన్‌స్ట్ అన్నవి .ఇనిట్.రోడేటాలోకి పోతాయి. ఇవన్నీ పక్కపక్కనే, పేజీ సరిహద్దులు కలిసేలా కూర్చుంటాయి, ఎందుకంటే తర్వాత గంపగుత్తగా పారేయాలి.

ఇనిట్‌కాల్స్ (బూట్‌లో ఒక్కసారి నడిచే ఫంక్షన్లు) అన్నీ పూర్తయ్యాక, వెనకాల ఇంకా నడుస్తున్న అసింక్ పనులు ముగిసేదాకా ఆగి, మొదటి యూజర్ ప్రాసెస్‌ని లేపే ముందు కెర్నల్ ఫ్రీ_ఇనిట్‌మెమ్‌ని కాల్ చేస్తుంది. ఆ పేజీలు మామూలు మెమరీలో కలిసిపోతాయి. బూట్ లాగ్ చివర్లో వాడని కెర్నల్ మెమరీని విడుదల చేస్తున్నానని ఇన్ని కేబీ అంటూ ఒక లైన్ వస్తుంది చూడు, అదే ఇది.

ఆర్మ్64 ఇంకో పని కూడా చేస్తుంది. ఆ చిరునామాల మ్యాపింగ్‌నే తీసేస్తుంది. అందుకే మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఫాల్ట్ వచ్చింది. నీ అదృష్టం అది. నిశ్శబ్దంగా చెత్త నడిచి ఉంటే రెండు రోజులు కాదు, రెండు నెలలు పట్టేది.

ప్రోబ్ అనేది డివైస్, డ్రైవర్ కలిసినప్పుడల్లా నడుస్తుంది. ఆ కలయిక బూట్‌లోనే జరగాలని రూలేమీ లేదు.

#5 నల్లతెర
తెప్ప తగలేసింది కెర్నల్, మునిగింది సగంబూట్. పేరు భలే పెట్టుకున్నాడు.

#6 సగంబూట్
నవ్వండి నవ్వండి. సరే బాబాయ్, ఆ హామీ అబద్ధమని కనిపెట్టడానికి ఏదో టూల్ ఉందని ఎక్కడో చదివాను. అది నా దగ్గర ఎందుకు నోరు మెదపలేదు?

#7 లింకర్_లీల
ఉంది, మాడ్‌పోస్ట్. లింక్ చేసేటప్పుడు రీలొకేషన్లన్నీ (ఒక చోటు నుంచి ఇంకో చోటుని చూపించే ఎంట్రీలు) చూసుకుంటూ పోతుంది. మామూలు సెక్షన్‌లోంచి ఇనిట్ సెక్షన్‌లోకి ఎవరైనా వేలు చూపిస్తే "సెక్షన్ మిస్‌మ్యాచ్" అంటుంది. నీ ప్లాట్‌ఫామ్_డ్రైవర్ స్ట్రక్చర్ మామూలు డేటాలో ఉంది, దాని ప్రోబ్ పాయింటర్ ఇనిట్‌లోకి చూపిస్తోంది. వార్నింగ్ వచ్చి తీరాలి. ఆ స్ట్రక్చర్ వేరియబుల్‌కి ఏం పేరు పెట్టావు?

#8 సగంబూట్
టెంప్_ప్రోబ్. ఆ సెన్సర్ టెంపరేచర్ ప్రోబే కదా, అందుకని.

#9 లింకర్_లీల
😂 దొరికింది దొంగ.

మాడ్‌పోస్ట్‌కి ఒక మినహాయింపుల జాబితా ఉంది, అది పేర్లను బట్టి నడుస్తుంది. డేటాలో ఉన్న సింబల్ పేరు _టెంప్లేట్, _టైమర్, _ఓపీఎస్, _ప్రోబ్, _కన్సోల్ లాంటి వాటితో ముగిస్తే "వీళ్ళకి తెలిసే చేసి ఉంటారు" అని వదిలేస్తుంది. 5.10లో ఈ జాబితా అలాగే ఉంది. డ్రైవర్ అని ముగిసే పేర్లకి మాత్రం ఇనిట్ విషయంలో ఆ మినహాయింపు ఎప్పుడో తీసేశారు. పేరు టెంప్_డ్రైవర్ అని మార్చి బిల్డ్ చెయ్యి, ఇంకేమీ ముట్టుకోవద్దు.

#10 సగంబూట్
వచ్చింది వార్నింగ్! పేరు ఒక్కటే మార్చాను. రెండు రోజులు పోయింది ఒక పేరు వల్లనా?

#11 నల్లతెర
గేటు దగ్గర కాపలావాడు ముఖం చూడకుండా పేరు అడిగి లోపలికి పంపేసినట్టుంది.

#12 ర్యామ్_రాజు
నాకు తెలియక అడుగుతున్నా, ఈ రోజుల్లో ఈ గొడవంతా ఎందుకు? నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్. బూట్ లాగ్‌లో విడుదలైంది 3 ఎంబీ కూడా లేదు. ఆ మూడు ఎంబీ కోసం కెర్నల్ అంతటా గుర్తులు, వాటికో చెకర్, ఆ చెకర్‌కో మినహాయింపుల జాబితా, ఆ జాబితా వల్ల సగంబూట్ లాంటివాళ్ళ కన్నీళ్ళు. మొత్తం పీకేస్తే హాయి.

#13 చిప్పులోడు
రాజు గారూ, మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కంప్యూటర్ కాదు. నేను పనిచేసిన ఒక బోర్డులో మొత్తం ర్యామ్ 32 ఎంబీ. కెర్నల్, డ్రైవర్లు, నెట్‌వర్క్ బఫర్లు పోగా అప్లికేషన్‌కి మిగిలింది చూస్తే ఏడుపొచ్చేది. రాత్రి లోడ్ పెరిగితే మెమరీ అయిపోయి ఓఓఎమ్ కిల్లర్ వచ్చి మా ప్రాసెస్‌ని చంపేసేది. అప్పుడు మేం కేబీల లెక్కన ఏరుకున్నాం. ఇనిట్ కింద వెనక్కి వచ్చిన ఆరు వందల చిల్లర కేబీ మాకు పండగ.

#14 ర్యామ్_రాజు
మీకు సరే. సర్వర్లకి, ల్యాప్‌టాప్‌లకి కాన్ఫిగ్‌లో ఆపేసుకునే వీలుండాలి అంటున్నా.

#15 గాడ్జెట్_వేట
మెమరీ ఒక్కటే చూస్తున్నారు. అక్కడ లేని కోడ్‌ని ఎవడూ దాడికి వాడుకోలేడు. బూట్ మొదట్లో నడిచే కోడ్ మామూలు కోడ్ కాదు, పేజీ టేబుళ్ళు కట్టేది, కెర్నల్ కోడ్‌నే ప్యాచ్ చేసేది అక్కడుంటుంది. పని అయ్యాక దాన్ని మ్యాప్ చేసి ఉంచడం నాకైతే నచ్చదు, 16 జీబీ ఉన్నా సరే.

ఇదే ఆలోచనకి తమ్ముడు __ఆర్‌ఓ_ఆఫ్టర్_ఇనిట్. 2016లో 4.6తో వచ్చింది. బూట్‌లో ఒకసారి విలువ రాసి, ఆ తర్వాత చదవడమే తప్ప మార్చనివి ఉంటాయి కదా, వాటికి. పారేయరు, బూట్ అయ్యాక రీడ్ ఓన్లీ చేస్తారు. ఎవడైనా రాయబోతే ఫాల్ట్. ఫంక్షన్ పాయింటర్లున్న పట్టికలకి ఇది చాలా మంచిది. నన్నడిగితే కొత్త డ్రైవర్ రాసేవాళ్ళు __ఇనిట్‌డేటా కన్నా ముందు దీని గురించి ఆలోచించాలి.

#16 పొదుపరి
మా బోర్డులో విడుదలైన మెమరీ 11 ఎంబీ! చూశారా రాజు గారూ, ఇది చిన్న సంగతి కాదు.

#17 చిప్పులోడు
పొదుపరీ, నా వైపు మాట్లాడుతున్నందుకు సంతోషం కానీ 11 ఎంబీ ఇనిట్ కోడ్ ఉండదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని (బూట్‌లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) కెర్నల్ ఇమేజ్‌లోనే కలిపేశారా?

#18 పొదుపరి
అవును, కలిపేశాం.

#19 చిప్పులోడు
అదీ సంగతి. ఇమేజ్‌లో కలిపిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా ఈ ఇనిట్ ప్రాంతంలోనే కూర్చుంటుంది. విప్పేశాక దాని అవసరం లేదు కాబట్టి అదీ కలిసి పోతుంది. మీ 11లో సింహభాగం అదే. ఆబ్జ్‌డంప్‌లో సెక్షన్ సైజులు చూడండి, విడివిడిగా కనబడతాయి.

#20 మాడ్యూల్_మావ
ఇంత చర్చ ఎందుకు, డ్రైవర్‌ని మాడ్యూల్‌గా మార్చెయ్ సగంబూట్. మాడ్యూల్‌లో __ఇనిట్‌కి అర్థమే లేదు, అది కెర్నల్‌లో కలిపిన కోడ్‌కే.

#21 లింకర్_లీల
తప్పు మావా. మాడ్యూల్ లోడర్ కూడా ఇనిట్ సెక్షన్లని వేరుగా పెడుతుంది, మాడ్యూల్ ఇనిట్ ఫంక్షన్ విజయవంతంగా తిరిగొచ్చాక వాటిని పారేస్తుంది. తగలేసే టైమ్ మారింది, అంతే. మళ్ళీ బైండ్ చేస్తే అదే కథ.

మాడ్యూల్‌కీ కలిపేసిన దానికీ నిజంగా తేడా ఉండేది __ఎగ్జిట్ (డ్రైవర్‌ని దించేటప్పుడే నడిచే కోడ్‌కి గుర్తు) దగ్గర. కలిపేసిన డ్రైవర్‌ని ఎప్పటికీ దించలేం కాబట్టి ఆ కోడ్ మిగలదు.

#22 మాడ్యూల్_మావ
ఇన్నేళ్ళూ ఇదే చెబుతూ తిరిగాను. ఎవరెవరికి చెప్పానో ఇప్పుడు గుర్తు చేసుకోవాలి.

#23 పాతకాపు
ఇవన్నీ వింటుంటే పాత రోజులు గుర్తొస్తున్నాయి. 2.2 కాలంలో __ఇనిట్‌ఫంక్ అని ఒక మాక్రో ఉండేది, ఫంక్షన్ డిక్లరేషన్ మొత్తాన్నీ దాని బ్రాకెట్లలో పెట్టేవాళ్ళం. చూడటానికి ఘోరంగా ఉండేది.

తర్వాత __డెవ్‌ఇనిట్ వచ్చింది. సగంబూట్‌కి కావలసింది నిజానికి అదే. హాట్‌ప్లగ్ (నడుస్తుండగా డివైస్‌లు తగిలించడం, తీయడం) కాన్ఫిగ్ ఆన్‌లో ఉంటే అది ఏమీ చేయదు, ప్రోబ్ కోడ్ ఉండిపోతుంది. ఆఫ్‌లో ఉంటే __ఇనిట్ లాగే పారేస్తుంది. వినడానికి బాగుంది కదా? అసలు జరిగిందేమిటంటే దాదాపు అందరూ హాట్‌ప్లగ్ ఆన్‌లోనే పెట్టుకున్నారు. మిగిలేది పిసరంత, తప్పు గుర్తులు మాత్రం కుప్పలు. __డెవ్‌ఇనిట్‌డేటా, __డెవ్‌ఎగ్జిట్, __డెవ్‌ఎగ్జిట్_పి, ఒక్కో డ్రైవర్‌లో ఇవన్నీ. చివరికి 2013లో వచ్చిన 3.8 నాటికి చెట్టంతా దులిపి తీసేశారు. అదే ఏడాది 3.11లో __సీపీయూఇనిట్ కూడా పోయింది, ఎందుకంటే సీపీయూలు కూడా నడుస్తుండగానే ఆగుతాయి, లేస్తాయి.

రాజు వాదన అప్పట్లోనే సగం గెలిచింది. కానీ గెలిచింది __డెవ్‌ఇనిట్ మీదే, __ఇనిట్ మీద కాదు. "బూట్ అయ్యాక రాదు" అని కచ్చితంగా చెప్పగలిగే చోట గుర్తు నిలబడింది. "బహుశా రాదు" అన్న చోట పోయింది.

#24 ర్యామ్_రాజు
సగం గెలుపుతో సరిపెట్టుకుంటాను.

#25 నిశ్శబ్దబగ్
బాబాయ్ #4లో అదృష్టం అన్నది అక్షరాలా నిజం. నాది 32 బిట్ ఆర్మ్, బాగా పాత కెర్నల్. అక్కడ ఆ పేజీలు విడుదలయ్యాక కూడా మ్యాప్ అయ్యే ఉంటాయి, ఇంకొకరి చేతికి వెళ్తాయి, అంతే. నేను ఛానెళ్ళ పట్టికకి __ఇనిట్‌డేటా పెట్టి, దాని పాయింటర్‌ని డ్రైవర్ స్ట్రక్చర్‌లో దాచుకున్నాను. ఊప్స్ లేదు, వార్నింగ్ లేదు. రెండు మూడు గంటలు రీడింగులు సరిగ్గానే ఉండేవి, తర్వాత ఒక ఛానెల్ మాత్రం పిచ్చి అంకెలు చూపించేది. వైర్లు మార్చాను. సెన్సర్ మార్చాను. బోర్డు కూడా మార్చాను! చివరికి ఆ పట్టిక ఉన్న చోట మెమరీ డంప్ తీస్తే ఏదో ఫైల్ తాలూకు అక్షరాలు కనబడ్డాయి.

పాయింటర్‌ని నడుస్తుండగా దాచుకుంటే మాడ్‌పోస్ట్‌కి కనబడదు. __ఇనిట్ ఫంక్షన్ __ఇనిట్‌డేటాని ముట్టుకోవడం దాని దృష్టిలో సక్రమమే. ఆ చిరునామా తర్వాత ఎక్కడికి పోయిందో అది చూడదు.

#26 గాడ్జెట్_వేట
ఇది చదివాక ఈ రోజు నిద్ర పట్టదు.

#27 రాత్రిపూట_కంపైలర్
మాడ్‌పోస్ట్ ఊరుకోవడానికి ఇంకో కారణం ఇన్‌లైన్. మా దగ్గర ఒక చిన్న హెల్పర్ ఉండేది, దానికి ఏ గుర్తూ లేదు, లోపల __ఇనిట్‌డేటాని ముట్టుకుంటుంది. దాన్ని కాల్ చేసేది ఒకే ఒక్క __ఇనిట్ ఫంక్షన్. జీసీసీ దాన్ని తీసుకెళ్ళి ఆ ఫంక్షన్‌లో కలిపేసేది కాబట్టి అంతా ఇనిట్‌లోనే ఉన్నట్టు లెక్క. కంపైలర్ కొత్త వెర్షన్‌కి మారాం, అది ఇన్‌లైన్ చేయలేదు. ఒక్క లైన్ మారకుండానే వార్నింగ్! "కంపైలర్‌లో బగ్" అని సగం రోజు వాదించాను, తల దించుకుని గుర్తు పెట్టాను.

కాన్ఫిగ్‌లో సెక్షన్ మిస్‌మ్యాచ్ డీబగ్ అని ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే ఒకే ఒక్క చోట నుంచి కాల్ అయ్యే ఫంక్షన్లని ఇన్‌లైన్ చేయకుండా ఆపుతుంది, ఇలాంటివి బయటపడతాయి.

#28 పొదుపరి
నేను __ఇనిట్ ఫంక్షన్‌లో పెద్ద పెద్ద మెసేజ్‌లు ప్రింట్ చేస్తున్నాను. అవి కూడా పోతాయా?

#29 రాత్రిపూట_కంపైలర్
పోవు. కోట్స్‌లో రాసిన స్ట్రింగులు మామూలు .రోడేటాలోకి వెళ్ళిపోతాయి, ఫంక్షన్‌తో పాటు రావు. పోవాలంటే వాటిని __ఇనిట్‌కాన్‌స్ట్ గుర్తుతో విడిగా అర్రే చేసుకోవాలి. కాన్‌స్ట్ డేటాకి __ఇనిట్‌డేటా మాత్రం పెట్టకు, సెక్షన్ టైప్ కాన్‌ఫ్లిక్ట్ అని కంపైలర్ అరవొచ్చు.

#30 సగంబూట్
నా దగ్గరికి రండి బాబూ. __ఇనిట్ తీసేశాను. ఇప్పుడు వేరే వార్నింగ్ వచ్చింది: ప్రోబ్ నుంచి .ఇనిట్.రోడేటాకి రిఫరెన్స్ ఉందంటుంది. నా కాలిబ్రేషన్ పట్టికకి __ఇనిట్‌కాన్‌స్ట్ ఉంది మరి. వెతికితే __రెఫ్ అని ఒక గుర్తు కనబడింది. ప్రోబ్‌కి అది పెట్టగానే వార్నింగ్ పోయింది. ఇక చాలు కదా?

#31 లింకర్_లీల
చాలదు! __రెఫ్ తప్పుని సరిచేయదు, మాడ్‌పోస్ట్ నోరు నొక్కుతుంది. "ఈ రిఫరెన్స్ బూట్‌లో మాత్రమే నడుస్తుంది, ఆ సంగతి నేను చూసుకుంటాను" అన్నప్పుడు పెట్టేది అది. నీ ప్రోబ్ ఎప్పుడైనా నడుస్తుంది కాబట్టి పట్టిక ఎప్పుడూ ఉండాలి. పట్టిక మీద గుర్తు తీసెయ్, __రెఫ్ కూడా తీసెయ్.

#32 మాడ్యూల్_మావ
నాకో అనుమానం. పాత డ్రైవర్లలో ప్రోబ్‌కి __ఇనిట్ నేనూ చూశాను, అవి బాగానే నడుస్తున్నాయి. అవన్నీ తప్పేనా?

#33 బూట్_బాబాయ్
వాటి చివర్లో చూడు మావా, ప్లాట్‌ఫామ్_డ్రైవర్_రిజిస్టర్ బదులు ప్లాట్‌ఫామ్_డ్రైవర్_ప్రోబ్ ఉంటుంది. బోర్డు మీదే అతికి ఉన్న, ఎప్పటికీ ఊడని డివైస్‌ల కోసం అది. రిజిస్టర్ అయిన క్షణంలోనే ప్రోబ్ చేసి ఊరుకుంటుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో బైండ్, అన్‌బైండ్ ఫైళ్ళని రానివ్వదు, ప్రోబ్‌ని వాయిదా వేయడం కూడా కుదరనివ్వదు. అంటే రాసిచ్చిన హామీని అదే కాపాడుతుంది. సగంబూట్ పై భాగం దించాడు, కింది భాగం దించలేదు.

#34 చిప్పులోడు
వాయిదా అంటే గుర్తొచ్చింది. మాకు అన్‌బైండ్ కూడా అక్కర్లేదు, బూట్‌లోనే ఊప్స్ వచ్చేది, అదీ కొన్ని బోర్డుల్లోనే. రెగ్యులేటర్ (డివైస్‌కి కరెంట్ అందించేది) సిద్ధంగా లేకపోతే ప్రోబ్ "తర్వాత రండి" అని వాయిదా కోడ్ ఇచ్చి వెనక్కి వస్తుంది కదా. ల్యాబ్ కెర్నల్‌లో రెగ్యులేటర్ డ్రైవర్ కలిపేసి ఉంది, వాయిదా పడినా ఇనిట్ పోయేలోపే తేలిపోయేది. బయటికి పంపిన దానిలో అది రూట్ ఫైల్‌సిస్టమ్‌లో మాడ్యూల్. అది లోడ్ అయ్యేసరికి తెప్ప బూడిదైపోయేది.

#35 సగంబూట్
అయితే నేను కూడా ప్లాట్‌ఫామ్_డ్రైవర్_ప్రోబ్ వాడనా?

#36 బూట్_బాబాయ్
నీ సెన్సర్‌కి రెగ్యులేటర్ ఉందా?

#37 సగంబూట్
ఉంది.

#38 బూట్_బాబాయ్
వద్దు. చిప్పులోడి కథ ఇప్పుడే విన్నావు. వాయిదా కుదరదంటే నీ సెన్సర్ ఒక్కోసారి దొరకదు. రెండు కేబీ మిగలడానికి అంత తలనొప్పి ఎందుకు?

#39 నీలితెర
విండోస్ వైపు నుంచి ఒక మాట. అక్కడ డ్రైవర్ లోడ్ కాగానే నడిచే డ్రైవర్‌ఎంట్రీ ఫంక్షన్‌ని అలాక్_టెక్స్ట్ ప్రాగ్మాతో ఇనిట్ అనే సెక్షన్‌లో పెడతాం. సెక్షన్‌కి డిస్కార్డబుల్ గుర్తు ఉంటుంది, డ్రైవర్‌ఎంట్రీ తిరిగొచ్చాక ఆ మెమరీ పోతుంది. అందులో పెట్టిన హెల్పర్‌ని తర్వాత కాల్ చేస్తే ఊప్స్ ఉండదు, నేరుగా నీలి తెర.

#40 నల్లతెర
రంగు మాత్రమే తేడా.

#41 లింకర్_లీల
సగంబూట్, ఒక్క సంగతి మిగిలింది. #1లో అన్‌బైండ్ శుభ్రంగా అవుతుందన్నావు. అన్‌బైండ్‌లో నడవాల్సిన నీ రిమూవ్ ఫంక్షన్ కూడా ఆ పాత డ్రైవర్ నుంచే దించావా?

#42 సగంబూట్
అవును. ఫంక్షన్‌కి __ఎగ్జిట్ ఉంది, స్ట్రక్చర్‌లో __ఎగ్జిట్_పి అని ఉంది. ఎందుకు?

#43 లింకర్_లీల
కెర్నల్‌లో కలిపేసిన డ్రైవర్‌లో __ఎగ్జిట్_పి అంటే నల్, అంటే అక్కడ ఏ ఫంక్షనూ లేదు. నీ రిమూవ్ ఒక్కసారి కూడా నడవలేదు. చేయని పని శుభ్రంగానే ఉంటుంది మరి. రెగ్యులేటర్‌ని ఆపేది రిమూవ్‌లోనేనా?

#44 సగంబూట్
అవును, అక్కడే.

ఆగండి, గుర్తులన్నీ తీసేసిన కొత్త కెర్నల్‌లో రిమూవ్‌లో ఒక ప్రింట్ పెట్టి చూస్తాను.

#45 సగంబూట్
అన్‌బైండ్, బైండ్ ఇరవైసార్లు చేశాను. ఊప్స్ లేదు. ప్రింట్ ఇరవైసార్లూ వచ్చింది. పాత ఇమేజ్‌లోనూ అదే ప్రింట్ పెట్టి అన్‌బైండ్ చేస్తే ఒక్కసారీ రాలేదు, రెగ్యులేటర్ ఆన్‌లోనే ఉండిపోయింది. అన్‌బైండ్ చేశాక కూడా సెన్సర్ వెచ్చగా ఎందుకుంటోందా అని నిన్న అనుకున్నాను కూడా.

#46 నల్లతెర
ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ కదా, ఆ సంగతి అదే చెప్పబోయింది.